పిల్లల చేతికి తొలి డ్రాయింగ్ టాబ్లెట్

(వేసవి చిత్రలేఖన తరగతుల సందర్భంగా ఏర్పాటైన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది నన్ను విడివిడిగా అడిగిన ప్రశ్న ఒకటే కాబట్టి, దానికి అందరి ముందూ ఒకేసారి, కాస్త వివరంగా సమాధానం చెప్పడం మంచిదనిపించింది. "మా అమ్మాయి ఎప్పుడు చూసినా బొమ్మలు వేస్తూనే ఉంటుంది, ఇప్పుడు కంప్యూటర్లో గీసే టాబ్లెట్ కావాలంటోంది, ఏది కొనాలి, ఎంతలో వస్తుంది" అన్నదే ఆ ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్ గానీ డెస్క్‌టాప్ గానీ ఉంటే, తెర లేని చిన్న పెన్ టాబ్లెట్, సుమారు 3,000 నుంచి 5,000 రూపాయలలోపు దొరికేది, తొమ్మిది పదేళ్లు నిండిన పిల్లలకు చక్కగా సరిపోతుంది. కంప్యూటర్ లేని ఇంట్లో లెక్క మారుతుంది. ఏది కొనాలో తేల్చేవి పెట్టె మీద అచ్చువేసిన అంకెలు కావు. మీ ఇంట్లో ఇప్పటికే ఏ యంత్రం ఉంది, మీ బిడ్డ చేయి బొమ్మకు ఎంతవరకు అలవాటు పడింది అన్న రెండు సంగతులే తేలుస్తాయి.

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించాలి. ఆన్‌లైన్ దుకాణంలో "డ్రాయింగ్ టాబ్లెట్" అని వెతికితే ఒకదానితో ఒకటి ఏమాత్రం సంబంధం లేని వస్తువులు పక్కపక్కనే కనిపిస్తాయి. అన్నిటికన్నా ముందు కనిపించేది రెండు మూడు వందల రూపాయల ఎల్‌సీడీ రాత పలక. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలో, రంగురంగుల గీతలో పడతాయి, బటన్ నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. అది కంప్యూటర్‌కు తగలదు, గీసిన బొమ్మ దాచుకోవడానికి వీలుండదు. అయిదేళ్ల పిల్లలు అక్షరాలు దిద్దడానికి అది మంచి వస్తువే. కానీ మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నది దాని గురించి కాదు. చౌకగా వచ్చిందని దాన్ని కొని తెస్తే, కంప్యూటర్లో రంగులు వేయాలని ఆశపడిన బిడ్డ నిరాశపడుతుంది.

రెండోది పెన్ టాబ్లెట్. ఇది తెర లేని సాదా పలక. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలుపుతారు. కలంతో పలక మీద గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. మూడోది తెర ఉన్న పెన్ డిస్‌ప్లే. గీసిన చోటే గీత కనిపిస్తుంది కాబట్టి చూడగానే ఎవరికైనా ఇదే నచ్చుతుంది. అయితే 12, 13 అంగుళాల చిన్న పెన్ డిస్‌ప్లేలు కూడా సాధారణంగా 15,000 రూపాయల పైనే ఉంటాయి. పైగా వాటిలో ఎక్కువ భాగం సొంతంగా పనిచేయవు, వాటికీ కంప్యూటర్ ఉండాల్సిందే. ఈ సంగతి తెలియక, ఇంత పెద్ద తెర ఉంది కదా, దీన్ని కొంటే కంప్యూటర్ అక్కర్లేదనుకునే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. నాలుగోది ఐప్యాడ్, శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ వంటి స్వతంత్ర పరికరం. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటిసారి కొనేవారికి నేను పెన్ టాబ్లెట్‌నే సూచించడానికి ధర ఒక్కటే కారణం కాదు, అది పనిచేసే పద్ధతి కూడా కారణమే. పలక అడుగున సన్నని తీగల అల్లిక ఉంటుంది. దాని నుంచి బలహీనమైన విద్యుదయస్కాంత క్షేత్రం వెలువడుతుంది. కలం లోపలి తీగచుట్ట ఆ శక్తినే గ్రహించి తిరిగి సంకేతం పంపుతుంది. అందువల్ల కలానికి బ్యాటరీ ఉండదు, చార్జింగ్ పెట్టే పని ఉండదు. 1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ సంస్థ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. తర్వాత హుయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి సంస్థలు కూడా బ్యాటరీ లేని కలాలను తక్కువ ధరకు తెచ్చాక, ఒకప్పుడు స్టూడియోలకే పరిమితమైన ఈ పరికరం మామూలు ఇళ్లకు అందింది. పలక గుర్తించేది కలాన్నే గానీ చేతిని కాదు, కాబట్టి కాగితం మీద ఆనించినట్టే అరచేతిని పలక మీద ఆనించి గీయవచ్చు. కలం పలకకు తగలకుండా ఒక సెంటీమీటరు లోపు ఎత్తులో కదిలినా తెర మీద బాణం గుర్తు కదులుతుంది. ఎక్కడ గీయబోతున్నామో ముందే తెలుసుకోవడానికి అదే ఆధారం. పిల్లలకు మొదట నేర్పవలసింది కూడా అదే.

మధ్యలో మామూలు డ్రాయింగ్ కాగితం ఉన్నా ఈ పలక కలాన్ని గుర్తిస్తుంది. పలక మరీ నున్నగా ఉండి కలం జారిపోతోందని పిల్లలు అంటే, పైన ఒక కాగితం పరిచి అంచులకు టేపు అంటించండి. కాగితం మీద గీస్తున్నట్టే ఉంటుంది. పాళీ కొంచెం త్వరగా అరుగుతుంది, అంతే.

ఇక అంకెల విషయానికి వస్తాను, ఎందుకంటే అమ్మేవారు మిమ్మల్ని కంగారుపెట్టేది ఇక్కడే. పెట్టె మీద 2048 అనో, 4096 అనో, 8192 అనో, ఈ మధ్య వస్తున్న కొన్నిటి మీద 16384 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఇవి ప్రెషర్ స్థాయులు, అంటే కలాన్ని ఎంత నొక్కుతున్నామో పలక ఎన్ని మెట్లుగా విడదీసి గుర్తించగలదో చెప్పే సంఖ్య. మెల్లగా తాకిస్తే సన్నగా, నొక్కితే లావుగా గీత పడాలి. శ్రీకాళహస్తి కలంకారీ చేసేవారు వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కి రంగు ధారను అదుపు చేస్తారు. చేతి ఒత్తిడితో గీతకు ప్రాణం పోయడమన్నది కంప్యూటర్ కనిపెట్టిన విద్య కాదు. కాబట్టి ప్రెషర్ ఉండి తీరాలి, అందులో సందేహం లేదు. కానీ 2048 మెట్లకూ 8192 మెట్లకూ మధ్య తేడాను నేర్చుకునే పిల్లల చేయి పట్టుకోలేదు. పెద్దవాళ్లలో కూడా పట్టుకోగలిగేవారు అరుదు. ఆ సంఖ్య కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం దండగని నా గట్టి అభిప్రాయం. అంతకన్నా ముఖ్యమైనది, కలం ఎంత తేలికగా తాకినా గీత మొదలవుతుందా లేదా అన్నది. అది పెట్టె మీద రాసి ఉండదు, గీసి చూడాలి.

అంకెల్లో నిజంగా చూడవలసింది గీసే జాగా కొలత. పలక మొత్తం వెడల్పును కాదు, గీత పడే జాగా కొలతను చూడండి. ప్రకటనలో రెండూ వేర్వేరుగా ఇస్తారు. అన్నిటికన్నా తక్కువ ధరలో 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ఉన్న పలకలు దొరుకుతాయి. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు సుమారు 13.6 అంగుళాలు. అంటే పలక మీద చేయి ఒక అంగుళం కదిలితే తెర మీద గీత మూడు అంగుళాల పైచిలుకు పరుగెత్తుతుంది. చేతి వణుకు కూడా అంత రెట్టూ పెరుగుతుంది. అదే 6 అంగుళాల వెడల్పు, దాదాపు 4 అంగుళాల ఎత్తు ఉన్న పలకైతే ఒకటికి రెండున్నర లోపే అవుతుంది, పిల్లలు దానికి అలవాటు పడగలరు. వన్ బై వాకామ్ చిన్న సైజు, హుయాన్ హెచ్640పీ, ఎక్స్‌పీ-పెన్ స్టార్ జీ640 మూడూ దాదాపు ఈ కొలతలోనే ఉంటాయి. మొదటి దానిలో 2048 స్థాయులు, మిగిలిన రెండింటిలో 8192. హెచ్640పీ పక్కన ఆరు బటన్లు కూడా ఉంటాయి. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి, బ్రష్ మార్చడానికి వాటిని వాడుకోవచ్చు. ఈ తరగతిలో వచ్చే కొత్త మోడళ్ల పేర్లు మారుతూ ఉంటాయి కాబట్టి పేరు కన్నా కొలతను గుర్తుపెట్టుకోండి. 10 అంగుళాల పలక ఇంకా హాయిగా ఉంటుంది కానీ, చిన్న బల్ల మీద పుస్తకాలు, ల్యాప్‌టాప్, ఆ పలక అన్నీ పట్టవు. చేయి చాపి గీయవలసి రావడం పదేళ్ల పిల్లలకు సౌకర్యంగానూ ఉండదు.

కలం గురించి ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. ఒక మోడల్ కలం ఇంకో మోడల్‌కు సాధారణంగా పనిచేయదు. పిల్లలు కలాన్ని పోగొడతారు, కింద పడేస్తారు. అందుకని కొనే ముందే ఆ మోడల్‌కు విడి కలం, విడి పాళీలు మన దేశంలో దొరుకుతున్నాయా, ఎంతకు దొరుకుతున్నాయో చూడండి. పేరూ ఊరూ తెలియని కంపెనీ పలక అయిదు వందలు తక్కువకు వచ్చినా, కలం పోయిన రోజున అది మూలన పడుతుంది. అలాగే తీగ పెట్టే చోటు టైప్-సీ అయితే మేలు. పాత మైక్రో యూఎస్‌బీ అయితే తీగ లాగినప్పుడల్లా వదులయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి తీగను పలకకు ఉంచేసి, రెండో కొసను మాత్రమే కంప్యూటర్ నుంచి తీయడం అలవాటు చేయాలి.

ఇప్పుడు కంప్యూటర్ లేని ఇళ్ల సంగతి. మనలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే. పెట్టె మీద "ఆండ్రాయిడ్‌కు పనిచేస్తుంది" అని రాసి ఉన్న పెన్ టాబ్లెట్లను, యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కు తగిలించే ఓటీజీ అడాప్టర్ ద్వారా ఫోన్‌కు కలపవచ్చు. అది నిజమే. అయితే ఫోన్ ఓటీజీని అనుమతించేదై ఉండాలి. ఫోన్ తెర నిలువుగా ఉంటుంది కాబట్టి పలకలో కొంత భాగం మాత్రమే పనిచేసి మిగిలినది వృథాగా ఉండిపోతుంది. కొనేటప్పుడు పెద్దగా కనిపించిన పలక వాడేటప్పుడు అరచేతంతే అవుతుంది. ఐబిస్ పెయింట్ వంటి ఉచిత యాప్‌లలో బొమ్మ వేయవచ్చు, కానీ మధ్యమధ్య ప్రకటనలు వస్తుంటాయి, పెద్దలు పక్కనుండడం అవసరం. ఆరంభానికి ఇది కాదనను. కానీ కేవలం ఫోన్ కోసమే పలక కొనబోయే వారికి నేను చెప్పే మాట, కొన్నాళ్లు ఆగి, చదువుకూ పనికొచ్చేలా ఒక పాత ల్యాప్‌టాప్ సమకూర్చుకున్నాక పలక కొనమని.

స్వతంత్ర పరికరాలకు వస్తే, ఇంట్లో అందరూ వాడుకోవడానికి ఎలాగూ ఒక ట్యాబ్ కొనే ఆలోచన ఉన్నవారికి మాత్రమే వీటిని సూచిస్తాను. 2020లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, దాని తర్వాతి రూపాలు ఇందుకు బాగుంటాయి. ఎస్ పెన్ అనే కలం పెట్టెలోనే వస్తుంది, దానికి చార్జింగ్ అక్కర్లేదు, ప్రెషర్ ఉంది. ఐప్యాడ్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది, దయచేసి జాగ్రత్తగా వినండి. యాపిల్ పెన్సిల్‌ను విడిగా కొనాలి, రెండూ కలిపితే సాధారణంగా 40,000 రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. ఆ పెన్సిళ్లలో తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ-సీ రకానికి ప్రెషర్ లేదు. నోట్సు రాసుకోవడానికి అది బాగుంటుంది గానీ, నొక్కితే గీత లావెక్కదు. బొమ్మలు వేసే పిల్లల కోసం కొంటున్నప్పుడు ప్రెషర్ ఉన్న పెన్సిల్, అదీ మీ ఐప్యాడ్ మోడల్‌కు సరిపోయేదే కావాలని అడిగి కొనండి. ఏ ట్యాబ్ మీదైనా పనిచేస్తుందంటూ వంద రూపాయలకు అమ్మే రబ్బరు మొన కలాలు వేలికి బదులు పనిచేసేవి మాత్రమే, వాటికి ప్రెషర్ ఉండదు.

సాఫ్ట్‌వేర్ కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. క్రిటా అనే ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో పనిచేస్తుంది, బొమ్మలు వేసేవారి కోసమే తయారైంది, బ్రష్‌లు, ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి లేయర్‌లు, యానిమేషన్ అన్నీ ఉన్నాయి. చిన్న పిల్లలకు టక్స్ పెయింట్ ఉంది, అదీ ఉచితమే. పాత కంప్యూటర్‌లో క్రిటా నెమ్మదిస్తే బొమ్మ కొలత తగ్గించండి. ఏ4 సైజుకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు (పిక్సెళ్లు), పెట్టుకుంటే 2480కి 3508 పిక్సెళ్లు; 150 డీపీఐ పెట్టుకుంటే పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గుతాయి, తెర మీద చూసుకునే బొమ్మకు అది చాలు. నెలనెలా డబ్బు కట్టే ప్రోగ్రామ్‌లు, దొంగ కాపీలు రెండూ వద్దు. దొంగ కాపీలతో పాటు వైరస్‌లు వస్తాయన్నది ఒక కారణమైతే, ఎవరో శ్రమపడి చేసినదాన్ని డబ్బివ్వకుండా తీసుకోవడం బొమ్మలు వేసే పిల్లలకు మనం నేర్పకూడని పాఠమన్నది అంతకన్నా పెద్ద కారణం.

పలక ఇంటికి వచ్చిన రోజున పెద్దలు చేయవలసిన పని ఒకటుంది. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే డ్రైవర్‌ను, అంటే పలకను కంప్యూటర్ గుర్తించేలా చేసే ప్రోగ్రామ్‌ను, దించుకోండి. అంతకుముందు వేరే కంపెనీ పలక వాడి ఉంటే దాని డ్రైవర్‌ను ముందుగా తీసేయండి, రెండూ ఒకదానితో ఒకటి తగవు పడతాయి. గీత పడుతోంది గానీ సన్నం, లావు తేడా లేకుండా ఉంటే పలక పాడైందని కంగారు పడవద్దు. క్రిటా సెట్టింగ్స్‌లో టాబ్లెట్ అనే చోట విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండు మార్గాలు ఉంటాయి. ఒకటి పనిచేయకపోతే రెండోది ఎంచుకుని ప్రోగ్రామ్‌ను మళ్లీ తెరవండి. చాలాసార్లు చిక్కు అక్కడే విడిపోతుంది. ఎడమ చేతివాటం పిల్లలైతే డ్రైవర్‌లో ఎడమ చేయి అని మార్చి, పలకను అటు తిప్పి పెట్టవచ్చు. అందుకోసం వేరే మోడల్ కొనక్కర్లేదు. పలకను తెరకు ఎదురుగా, తిన్నగా పెట్టాలి. పక్కకు, ఏటవాలుగా పెడితే బిడ్డ అడ్డంగా గీశాననుకున్న గీత తెర మీద వాలిపోతుంది.

మొదటి రెండు మూడు వారాల గురించి మీకు ముందే చెప్పకపోతే నా బాధ్యత నెరవేర్చనట్టే. చేయి బల్ల మీద, కన్ను తెర మీద ఉండడం ఎవరికైనా మొదట వింతగానే ఉంటుంది. కాగితం మీద అందంగా గీసే పిల్లలు కూడా వంకర గీతలు చూసి ఏడుపు ముఖం పెడతారు. అప్పుడు "ఇన్ని వేలు పోసి కొన్నాం, గీయవేం?" అని అనకండి. హార్మోనియం వాయించేవారి వేళ్లకు చూడకుండానే మెట్లు తెలిసినట్టు, చేతికి తెర మీది చోటు క్రమంగా తెలుస్తుంది. నేను తరగతిలో చేయించే అభ్యాసం చుక్కల ముగ్గు. ఒక లేయర్‌లో చుక్కలు పెట్టించి, దాని మీద ఇంకో లేయర్ తెరిచి, చుక్కల చుట్టూ మెలిక ముగ్గు తిప్పిస్తాను. గీతను ఫలానా చోటికి చేర్చాలన్న లక్ష్యం ఉంటుంది, తప్పితే పై లేయర్ మాత్రమే చెరిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు, వంపులు తిరిగే కొద్దీ మణికట్టు సాగుతుంది. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో ముగ్గులు తెలిసి ఉంటే వారినే పక్కన కూర్చోబెట్టండి, పిల్లలు ఇంకా ఉత్సాహంగా చేస్తారు.

రెండో అభ్యాసం కాగితాన్నీ పలకనూ కలిపేది. బిడ్డ పెన్సిల్‌తో కాగితం మీద వేసిన బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించండి. క్రిటాలో ఆ ఫొటో ఉన్న లేయర్‌ను మసకగా చేసి, దాని పై లేయర్‌లో గీతలు దిద్దించి, ఇంకో లేయర్‌లో రంగులు వేయించండి. తాను కాగితం మీద వేసిన బొమ్మే రంగులద్దుకుని తెర మీదికి రావడం చూసిన పిల్లలకు ఈ పరికరం పరాయిదిగా అనిపించదు. ఈ కారణంగానే, పలక కొన్నాక డ్రాయింగ్ పుస్తకాలు కొనడం మానేయకండని చెబుతాను. ఈ రంగంలో పై చదువుకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటి చోట్లకు వెళ్లాలనుకునే పిల్లలకు కూడా ప్రవేశ పరీక్షల్లో అక్కరకు వచ్చేది కాగితం మీద నేర్చుకున్న చేతి పనే.

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు నేను పలకను సూచించను. ఆ వయసులో క్రేయాన్లు, నీటి రంగులు, మట్టి, కత్తెర, పాత పత్రికలు ఇచ్చేంత అనుభవం ఏ తెరా ఇవ్వదు. పెద్ద పిల్లలకైనా కొనే ముందు ఒక పరీక్ష పెట్టవచ్చు. క్రిటాను ఉచితంగా దించుకుని, ఉన్న మౌస్‌తోనే రెండు వారాలు బొమ్మలు వేయమనండి. మౌస్‌తో గీయడం కష్టం, గీత మొద్దుగా వస్తుంది. అయినా విడవకుండా రోజూ కూర్చుంటున్నారంటే ఆ పిల్లలకు పలక అవసరమే. రెండో రోజుకే మానేస్తే వారి తప్పేమీ లేదు, వారి మనసు కాగితం మీదే ఉందని అర్థం. ఆ డబ్బుతో మంచి నీటి రంగులు, మందపాటి కాగితం కొనిపెట్టండి.

చివరిగా, కొన్న పలకను తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే చేయవలసిన పరీక్షలు చెబుతాను. స్కేలు ఆనించి ఏటవాలుగా, చాలా నెమ్మదిగా ఒక గీత గీయండి; గీత అలలు అలలుగా వస్తే పలకలోనో కలంలోనో లోపం ఉన్నట్టు. కలాన్ని తేలికగా తాకించడంతో మొదలుపెట్టి క్రమంగా నొక్కుతూ పొడవాటి గీత లాగండి. సన్నం నుంచి లావుకు ఎక్కడా తెగకుండా పెరగాలి. తెర నాలుగు మూలలకూ కలంతో వెళ్లి చుక్క పెట్టండి, ఒక్క మూల అందకపోయినా ముందు డ్రైవర్ సెట్టింగ్ సరిచూడండి, అప్పటికీ అందకపోతే తిరిగి పంపించండి. బిల్లు, పెట్టె వారంటీ తీరేదాకా దాచండి. ఆ బల్ల మీద తెర లేని పలకలు రెండు, 4 అంగుళాలదీ 6 అంగుళాలదీ, ల్యాప్‌టాప్‌లకు కలిపి ఉంచాం. పిల్లలను ఒక్కొక్కరినే రెండింటి మీదా గీయనివ్వండి. తేడా వారే చెబుతారు. ఈలోగా మీ ప్రశ్నలు అడగండి.